అంతా తమరి దయ

పొన్నలంక పడవల రేవులో ఓలేటి నూకమ్మ విగ్రహం ఉంది. నల్లరాతి బొమ్మ. చీర కచ్చపోసి కట్టుకుని, చేతిలో గెడ పట్టుకుని, ఇంకా ఎవరైనా మిగిలిపోయారేమోనని నీళ్లవంక చూస్తూ ఉంటుంది. నూరేళ్ల కిందట గోదారి ఊరిమీద వచ్చిపడ్డ రోజున, పడవవాళ్లందరూ గట్టెక్కి గంగమ్మకి దణ్ణాలు పెట్టుకుంటూ ఉంటే, ఈవిడ ఒక్కతే నావ విప్పుకుని పదకొండు సార్లు వెళ్లి నూటపద్నాలుగు మందిని ఒడ్డున పడేసింది. ఆ నూటపద్నాలుగు మందిలో గంటి అచ్యుతం తాతగారు ఒకరు. అప్పటికి ఆయన వయసు ఏడు నెలలు. చేపల బుట్టలో పడుకుని వచ్చారు. ఆ బుట్ట కాస్త పక్కకి ఒరిగి ఉంటే తెలుగు పండితుడు అచ్యుతం అనే మనిషే ఈ భూమ్మీద ఉండేవాడు కాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు గనక రేవు దాటినప్పుడల్లా చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునేవాడు.

అచ్యుతం మంచివాడు. మంచివాడంటే మరీ విడ్డూరమైన మంచివాడు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా అతన్ని చూసినవాళ్లు లేరు. ఎలా ఉన్నారంటే "ఏదో తమరి దయ" అంటాడు. పాఠం బాగా చెప్పారంటే "నాదేముందండీ" అంటాడు. బస్సులో ఎవడైనా కాలు తొక్కితే, కాలు అడ్డం పెట్టినందుకు తనే క్షమాపణ చెప్పుకుంటాడు. పాతికేళ్ల సర్వీసులో ఏ అధికారికీ ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ఆ పుణ్యమే కలిసొచ్చి హెడ్మాస్టరు ప్రమోషన్ ఫైలు పైకి కదిలింది. ఇంక ఒక్క సంతకం మిగిలింది.

ఇలా ఉండగా ప్రభుత్వానికి ఒక అనుమానం వచ్చింది. మనం ఇన్నాళ్లూ పూలదండలు వేస్తున్న మహనీయులు నిజంగా మహనీయులేనా అని. మనకి అనుమానం వస్తే నిద్ర పట్టదు గానీ ప్రభుత్వానికి అనుమానం వస్తే మండలి పుడుతుంది. అలా పుట్టింది మహనీయుల గుణ నిర్ధారణ మండలి. దానికి సంచాలకులుగా విశ్వంభరరావుగారు వచ్చారు. నెమ్మదైన మనిషి, చేతికి రెండు ఉంగరాలు, నోటికి నాలుగు సమాసాలు. భాషా నిపుణుడు కావాలన్నారని అచ్యుతాన్ని బడి నుంచి డెప్యుటేషన్ మీద అక్కడికి పంపారు. ప్రమోషన్ ఫైలు మీద ఆ మిగిలిన సంతకం పెట్టాల్సింది కూడా విశ్వంభరరావుగారే.

మొదటి ఉత్తర్వు ఇలా ఉంది: "మహనీయులనగా ధైర్యమును, వినయమును సమపాళ్లలో కలిగియున్నవారని నిపుణులు తేల్చియున్నందున, జిల్లాలోని సకల మహనీయులకు నమూనా-7 ప్రకారం ధైర్యమునకు యాభై, వినయమునకు యాభై మార్కులు వేయవలెను. ఏ ఒక్కదానిలో తప్పినను విగ్రహము తొలగించవలెను." పరీక్ష పెట్టేవాళ్లకి ఆ గుణాలు లేకపోతే బావుండదని మండలి ఉద్యోగులకి కూడా ఇదే నమూనా వర్తింపజేశారు. వినయంలో తప్పితే ప్రమోషన్ ఉండదు. ధైర్యం మాత్రం ఉద్యోగులకి ఐచ్ఛికం.

పని చురుగ్గా సాగింది. పులితో కలియబడి చంపిన జమీందారు ఒకాయన ధైర్యంలో యాభైకి యాభై తెచ్చుకున్నాడు గానీ, "నేను పులిని జంపితిని" అని తనే రాతిమీద చెక్కించుకున్నందున వినయంలో సున్నా వచ్చి తప్పాడు. కోట ముట్టడిలో శత్రు సేనాపతికి కూడా "ముందు తమరు" అని గుమ్మం విడిచిన దివాను ఒకాయన వినయంలో ఫస్టు వచ్చి ధైర్యంలో తప్పాడు. జమీందారు వంశీకులు వచ్చి సప్లిమెంటరీ ఉంటుందా అని అడిగారు. పరీక్ష రాయాల్సినవారు స్వయంగా హాజరైతే అభ్యంతరం లేదని విశ్వంభరరావుగారు ఫైలు మీద రాశారు.

నూకమ్మ వంతు వచ్చేసరికి అచ్యుతం గుండె పీచుపీచుమంది. ధైర్యం సంగతి ఊరందరికీ తెలుసు. వినయానికి సాక్ష్యం కావాలి, అదీ ఆ మనిషి స్వయంగా చెప్పిన మాటే కావాలి. పాత తాలూకా కచేరీ రికార్డు గదిలో మూడు వారాలు దుమ్ము మింగి, దగ్గి దగ్గి, చివరికి ఒక కాగితం పట్టుకున్నాడు. వరద తీసిన తొమ్మిదో నాడు తాసీల్దారు పురుషోత్తమయ్యగారు నూకమ్మను పిలిపించి రాయించిన వాంగ్మూలం అది. "వరదలో జనమును దాటించినది నువ్వేనా అని అడగగా సదరు నూకమ్మ చెప్పినది యేమనగా: నాదేముంది బాబయ్యా, నేనేం చేశాను, అంతా తమరి దయ." కింద వేలిముద్ర. ఆ వేలిముద్ర చూడగానే అచ్యుతానికి కళ్లు చెమర్చాయి. కాగితాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సంచాలకుల గదికి పరిగెత్తాడు.

విశ్వంభరరావుగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అమోఘం. వినయం యాభైకి యాభై" అన్నారు. "ధైర్యం సున్నా."

"అదేమిటండీ?"

"నేనేం చేశాను అంటోంది. అనగా ఏమీ చేయలేదని. వేలిముద్రతో సహా ఒప్పుకున్నాక మనం కాదనడానికి ఎవరం?"

"అది మర్యాదకండీ. మనవాళ్లందరూ అలాగే అంటారు కదండీ."

"ప్రభుత్వ రికార్డులో మర్యాదకి గడి లేదు పండితులుగారూ. ఆ తరవాతి వాక్యం చదవండి."

"అంతా తమరి దయ."

"తమరు అనగా ఎవరు? తమరు భాషావేత్తలు. ఆ సర్వనామం ఎవరికి వర్తిస్తుందో సెలవివ్వండి."

అచ్యుతం ఏ విషయంలోనైనా సర్దుకుపోతాడు గానీ వ్యాకరణం దగ్గర అబద్ధమాడలేడు. "ఎదురుగా ఉన్న తాసీల్దారుగారికండి" అన్నాడు నీళ్లు నములుతూ.

"కావున జనాన్ని దాటించింది తాసీల్దారుగారు. సదరు మాట విన్న పిమ్మట వారు అవును నేనే అని అన్నట్టు రికార్డులో ఎక్కడైనా ఉందా? లేదు. మౌనం వహించారు. అంతటి ఘనకార్యం చేసి మౌనం వహించడం కన్నా వినయం ఇంకేముంటుంది? నూటికి నూరు."

పురుషోత్తమయ్యగారి ఘనకార్యం ఏమిటో రేవులో ఎవరినడిగినా చెబుతారు. కచేరీ కప్పు మీద కూర్చుని, తలపాగా లేకుండా నావ ఎక్కితే హోదాకి భంగమని ఆయన మొండికేస్తే, నూకమ్మ మళ్లీ వెళ్లి తలపాగా తెచ్చిచ్చింది. ఆ పదకొండు దఫాల్లో ఒక దఫా తలపాగాదే. ఈ ముక్క చెబుదామని అచ్యుతం నోరు తెరిచాడు. విశ్వంభరరావుగారు తలెత్తి చూశారు. అచ్యుతం ఆవలించినట్టు నటించి నోరు మూసుకున్నాడు.

నూకమ్మ విగ్రహం తీసేసి అక్కడే పురుషోత్తమయ్యగారిని ప్రతిష్ఠించాలని ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వుతో పాటు ఒక సిద్ధాంతం కూడా వెలువడింది. చనిపోయినవారి వినయాన్ని నిజంగా తీసుకుని బతికున్నవారి వినయాన్ని తీసుకోకపోతే అది వివక్ష అవుతుంది కదా. అంచేత, "ఇకమీదట వినయపూర్వకంగా పలికిన ప్రతి వాక్యమును యథార్థముగా స్వీకరించవలెను" అని జిల్లా అంతటికీ సర్క్యులర్ వెళ్లింది.

ఇంక చూసుకోండి. ఉత్తమ ఉపాధ్యాయుడి సన్మానంలో ఒకాయన "ఈ గౌరవానికి నేను అర్హుణ్ణి కాను" అన్నాడు. కప్పిన శాలువా భుజం మీద వెచ్చబడక ముందే వెనక్కి తీసుకున్నారు. మూడంతస్తుల మేడలో ఉండే రైసుమిల్లు ఆసామి కూతురి పెళ్లికి పిలుస్తూ "మా పూరిగుడిసెకి దయచేయండి" అని శుభలేఖ వేయించాడు. మర్నాడే రికార్డులో అతని మేడ తాటాకు కప్పుగా మారింది. వేసవి వస్తోంది గనక నాలుగు కడవల నీళ్లు సిద్ధంగా పెట్టుకోమని అగ్నిమాపక శాఖ తాఖీదు పంపింది. పెద్దాసుపత్రి సర్జను ఒకాయన ఆపరేషన్ బాగా చేశారని రోగి చుట్టాలు పొగిడితే "నా చేతిలో ఏముందండీ, అంతా పైవాడు చేశాడు" అన్నాడు. ఆయన అద్దెకుండే ఇంటి పైవాటాలో కాజాబటన్లు కుట్టుకునే దర్జీ ఒకడున్నాడు. పట్టా లేకుండా ఆపరేషన్లు చేస్తున్నందుకు అతనికి నోటీసు వచ్చింది. పాపం ఆ దర్జీ మూడు రోజులు అన్నం మానేసి, తను కోసింది గుడ్డలు మాత్రమేనని ముప్పైమంది ఖాతాదారుల చేత రాయించుకుని తిరిగాడు.

దాంతో జిల్లాలో వినయం అనేది మచ్చుకైనా లేకుండా పోయింది. "మా ఇంటి భోజనం లాంటిది మీరు పుట్టి ఎరగరు, రండి" అని శుభలేఖలు అచ్చవుతున్నాయి. చీర బావుంది వదినా అంటే "కట్టుకున్నది నేనైతే బావుండక ఏం చేస్తుంది" అంటున్నారు. హరికథ చెప్పే ఆయన కథ మొదట్లో తప్పులుంటే మన్నించమనడం మానేసి, తప్పులు దొరికితే చూపించమని సవాలు చేస్తున్నాడు. ఇదంతా చూసి విశ్వంభరరావుగారు మురిసిపోయారు. ప్రజల్లో నిజాయితీ పెరిగిందని నివేదిక పంపారు.

అచ్యుతానికి మాత్రం అన్నం సయించడం లేదు. ఒక ఉదయం ఆఫీసు వరండాలో చేపల తట్ట దింపి వీరలచ్చి కూచుంది. నూకమ్మకి మునిమనవరాలు, రేవులో చేపలమ్ముతుంది. గొంతు విప్పిందంటే అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం మెల్లగానే మాట్లాడింది.

"పంతులుగారూ, మా తాతమ్మ బొమ్మ తీసేత్తారంట గదండి. ఆ కాయితం ఎతికి తెచ్చింది తవరేనంట."

"మంచికే తెచ్చానమ్మా. ఇలా అవుతుందని అనుకోలేదు."

"ఆవిడ మర్యాదకందండి ఆ మాట. తవరూ రోజూ అంటారు గదా నాదేవుందని. మరి తవరేం జెయ్యకుండానే పిల్లలకి పద్యాలొచ్చేసినియ్యా?"

అచ్యుతం తల దించుకుని తట్టలో చేపలు లెక్కపెట్టసాగాడు.

"పొద్దున్నే పడవ దింపేటప్పుడు నూకమ్మ తల్లీ అని దణ్ణం ఎట్టుకుంటారండి మావోళ్లు. రేపట్నుంచి పురుసోత్తమయ్య తండ్రీ అనాలని కాయితం అంటించేరు. ఆ మాటంటే నీళ్లు నవ్వుతాయండి. తవరెళ్లి ఆ దొరగారికి సెప్పండి. మీ తాతగారు మా బుట్టలోనే గదా వొచ్చేరు."

"నా మాట ఎవరు వింటారమ్మా, నాదేముంది..."

"అదిగో, మళ్లీ" అంది వీరలచ్చి. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. సిగ్గుతో అచ్యుతం చెవులు ఎర్రబడ్డాయి.

ఆ పూటే కూర్చుని అభ్యంతర పత్రం రాశాడు. వాంగ్మూలం సందర్భం, తలపాగా సంగతి, తెలుగువాళ్ల మర్యాద, అన్నీ కలిపి నాలుగు పేజీలు. ఒక్క తప్పు లేదు. కానీ పాతికేళ్ల అలవాటు చేతిలోకి వచ్చి చివర్లో "ఇక తమరి చిత్తం" అని రాసేసింది. విశ్వంభరరావుగారు చివరి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టే మనిషి. "నిర్ణయం మా చిత్తానికే విడిచిపెట్టారు, చాలా సంతోషం" అని దాన్ని అంగీకార పత్రాల ఫైల్లో పెట్టించారు.

ప్రతిష్ఠ రోజు రానే వచ్చింది. పొద్దున్న పదింటికి రేవులో షామియానా వేశారు. ఒక పక్క క్రేను, దాని పక్క లారీలో గుడ్డ కప్పిన పురుషోత్తమయ్యగారు. ఆయన పోలికలు ఎవరికీ తెలియవు. తెలిసిందల్లా తలపాగా ఒక్కటే గనక శిల్పి తన ప్రతాపమంతా దాని మీదే చూపించాడు. విగ్రహంలో సగం తలపాగాయే. నూకమ్మ నడుముకి అప్పటికే బెల్టు బిగించి క్రేను కొక్కేనికి తగిలించారు. వీరలచ్చి, పడవవాళ్లు ఒక పక్క నిలబడ్డారు. అచ్యుతం వేదిక చివర స్టూలు మీద కూర్చుని ఎవరేం మాట్లాడితే అది మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాడు. ఏ వినయ వాక్యమూ సభ దాటి పోకూడదని, మినిట్స్ అక్కడే చదివి వినిపించి ఆ తరవాతే పని మొదలుపెట్టాలని విశ్వంభరరావుగారే ఒక ఉత్తర్వు వేసి ఉన్నారు.

ముందుగా ఎమ్మెల్యేగారు మైకు అందుకున్నారు. జిల్లా అంతా వినయం మానేసింది గానీ వేదికలు మానేయలేదు. మైకు చేతికొస్తే నోరు దానంతటదే ఆ దారిన పోతుంది. "ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. నేను నిమిత్తమాత్రుణ్ణి. ఇదంతా అధికారుల చలవ" అన్నారాయన. చప్పట్లు. తరవాత ఆర్డీవోగారు లేచి "నేను చేసిందేమీ లేదు, అంతా విశ్వంభరరావుగారి కృషి" అన్నారు. చప్పట్లు. విశ్వంభరరావుగారు గొంతు సవరించుకుని, చేతులు జోడించి, కంఠం వణికించి ఇలా అన్నారు: "మహాజనులారా, నేను తమ సేవకుణ్ణి మాత్రమే. ఈ నిర్ణయం నాది కాదు. ఇది మీది. ఇది మీరు చేసిన పని." అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆయనకే వచ్చాయి.

రాస్తున్న అచ్యుతం కలం ఠక్కున ఆగింది. మళ్లీ చదువుకున్నాడు. మినిట్స్ చదవమని విశ్వంభరరావుగారు సైగ చేశారు. అచ్యుతం లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

"సభా వివరాలు" అన్నాడు. "తమ ప్రమేయం ఏమీ లేదని ఎమ్మెల్యేగారు వినయంతో పలికారు. సర్క్యులర్ ప్రకారం యథార్థముగా స్వీకరించడమైనది. తాము ఏమీ చేయలేదని ఆర్డీవోగారు వినయంతో పలికారు. స్వీకరించడమైనది. నిర్ణయం తమది కాదని, ప్రజలదని సంచాలకులవారు వినయంతో పలికారు. స్వీకరించడమైనది." జనం వైపు తిరిగాడు. "నూకమ్మగారి బొమ్మ తీయాలని నిర్ణయించింది మీరేనాండీ?"

వీరలచ్చి ముందుకొచ్చింది. ఆమె అన్న మాట అవతలి ఒడ్డుకి కూడా వినిపించింది.

"మేవేం జెయ్యలేదండి."

"స్వీకరించడమైనది" అన్నాడు అచ్యుతం, రాసుకుంటూ.

క్రేను డ్రైవరు తల బయటికి పెట్టాడు. పొద్దుటి నుంచీ ఎండలో ఉన్నాడు, చిరాగ్గా ఉన్నాడు. "అయితే ఇంతకీ తియ్యమన్నది ఎవరండీ? ఎవరో ఒక మనిషి నేను చెప్తున్నాను తియ్యి అనాలండి. లేకపోతే నేను ముట్టుకోను."

ఎమ్మెల్యేగారు వాచీ చూసుకున్నారు. ఆర్డీవోగారు షామియానా కుట్లు పరిశీలించారు. విశ్వంభరరావుగారు లేచి "నే..." అని ఆగిపోయారు. నేను అంటే గొప్ప చెప్పుకున్నట్టు. గొప్ప చెప్పుకుంటే వినయంలో సున్నా. ఆయన పదోన్నతి కాగితాలు కూడా రాజధానిలో ఎక్కడో ఆఖరి సంతకం దగ్గరే ఉన్నాయి. నూకమ్మ నడుముకి బెల్టుతో అలాగే నిలబడి ఉంది. పడవవాళ్లలో ఎవరికో నవ్వాగలేదు. అది అంటుకుని గట్టు పొడుగునా పాకింది. మైకు పట్టుకోవడానికి వచ్చినవాడు కూడా మైకు వదిలేసి పొట్ట పట్టుకున్నాడు.

విశ్వంభరరావుగారి మొహం కందగడ్డలా అయింది. గిర్రున అచ్యుతం వైపు తిరిగారు.

"ఈ మినిట్స్ రాసిందెవరు?"

పాతికేళ్ల జవాబు అచ్యుతం నాలుక చివరికి వచ్చేసింది. ఏదో తమరి దయ అన్నాడంటే చాలు, ఆ రాత ఆయనదైపోతుంది, ఆయన దాన్ని అక్కడే చింపేస్తారు, క్రేను లేస్తుంది, ప్రమోషన్ సంతకం కూడా పడుతుంది. విశ్వంభరరావుగారు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారు. చింపడానికి చెయ్యి ముందే చాపారు.

అచ్యుతం పుస్తకాన్ని గుండెకి అదుముకున్నాడు. భయంతో ఒళ్లంతా చెమట పట్టింది. ఎప్పుడూ అనని మాట గనక ఎలా మొదలుపెట్టాలో ఒక క్షణం తెలియలేదు.

"నేనే రాశానండి" అన్నాడు.

"ఎవరి ప్రోద్బలంతో?"

"ఎవరూ లేరండి. నేనొక్కణ్ణే. ఇందులో తమరి దయ ఏమీ లేదండి."

విశ్వంభరరావుగారు జేబులోంచి నమూనా-7 తీసి, అక్కడికక్కడే అచ్యుతం పేరు రాసి, వినయం గడిలో పెద్ద సున్నా చుట్టారు. అచ్యుతం టైము ఎంతయిందో పక్కవాణ్ణి అడిగి, ఆ సున్నాని కూడా మినిట్స్‌లో రాసుకున్నాడు. క్రేను డ్రైవరు దిగి వెళ్లి నూకమ్మ నడుముకున్న బెల్టు విప్పాడు.